కాళ్లకు పనిచేసిన కొబ్బరినూనె ముఖానికి పడలేదు!

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఉండేది గాజువాకలో, ఉద్యోగం రుషికొండలోని ఏసీ ఆఫీసులో. కాళ్లు పొడిబారి తెల్లగా చారలు పడుతుంటే మా అత్తయ్య కొబ్బరినూనె రాయమన్నారు. కాళ్లు నున్నబడ్డాయి. అది చూసి ముఖానికీ, వీపుకీ రాశాను. నెల తిరక్కుండానే నుదుటి మీద సన్నటి మొటిమలు, వీపు మీద పొట్టు రాలే లేత మచ్చలు వచ్చాయి. నూనె మానేయాలా?

జవాబు: కాళ్లకు మానక్కర్లేదు. మీ అత్తయ్య చెప్పిందీ కాళ్ల గురించే కదా! చర్మం పైపొరలో కణాల మధ్య సహజంగా కొవ్వు ఉంటుంది. ఏసీ గాలి, బాగా వేడినీళ్ల స్నానం, గాఢమైన సబ్బు ఈ పొరను దెబ్బతీస్తే తేమ ఆవిరైపోతుంది. కొబ్బరినూనె ఆ తేమను పోనివ్వదు. అంతేగానీ కొత్తగా తేమనివ్వదు, నూనెలో నీరుండదు కాబట్టి. అందుకే స్నానం కాగానే తువ్వాలుతో అద్దుకుని, చెమ్మ ఆరకముందే రాయండి. ఒక్కో కాలికి నాలుగైదు చుక్కలు చాలు. సువాసనలు కలిపిన తలనూనె వద్దు.

ముఖం సంగతి వేరు. అక్కడ చర్మమే బోలెడు జిడ్డు ఊరుస్తుంది, పైగా మన విశాఖ ఉక్కపోత. కొబ్బరినూనె రంధ్రాలను మూసేస్తుంది. అందులో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం మొటిమల బ్యాక్టీరియాను అణచగలదని ప్రయోగశాలలో తేలిన మాట నిజమే. కానీ ప్రయోగశాల గాజు పళ్లేనికి మూసుకుపోయే రంధ్రాలు లేవు! ఒకసారి అద్దంలో చూసుకోండి: మొటిమలు జుట్టు మొదళ్ల వెంబడి వరుసగా ఉంటే, రాత్రి తలకు పెట్టుకున్న నూనె కూడా నుదుటికి జారుతోందన్నమాట. దిండు గలీబు తరచూ మార్చండి. ముఖానికి నూనె లేని జెల్ మాయిశ్చరైజర్ వాడండి. ఆరు వారాలకూ తగ్గకపోతే చర్మవ్యాధి నిపుణులను కలవండి.

వీపు మీదివి శోభి మచ్చలు కావచ్చు. దీనికి కారణమైన మలసీజియా అనే ఫంగస్ అందరి చర్మం మీదా ఉండేదే. చెమట పట్టే ఒంటికి నూనె కూడా తోడైతే దానికి విందే. వీపుకు నూనె ఆపి, ఒకసారి డాక్టరుకు చూపించి ఫంగస్ మందు వాడండి. పొట్టు త్వరగానే పోతుంది, రంగు కలవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈలోగా మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ రాయకండి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది శోభి కాదు, ఆలస్యం చేయకుండా చూపించుకోండి.