పెడల్ డబ్బా కొనే ముందు ఒక్కసారి నేల దాకా తొక్కి చూడు అల్లుడా

అల్లుడా, నిన్న నువ్వు పంపించిన వాయిస్ మెసేజ్ రెండు సార్లు విన్నా. కొత్తగా ఇల్లు లాగా కట్టించుకున్న క్యారవాన్ బండి లాగడం లేదు, యాక్సిలరేటర్ పెడల్ తొక్కినా కాసేపటికి గానీ కదలదు, ఎవరో థ్రాటిల్ కంట్రోలర్ అని చిన్న డబ్బా 18,000కి బిగిస్తాం అంటా ఉండారు, పెట్టించుకోవాల్నా వద్దా అని అడిగినావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని టైప్ చేస్తా ఉండా, నిదానంగా చదువుకో.

ముందు ఆ డబ్బా ఏం చేస్తాదో తెలుసుకో. నేను చిత్తూరు నుంచి మద్రాసుకి బెల్లం లోడు తోలే రోజుల్లో పెడల్‌కి కేబుల్ ఉండేది, తొక్కితే డీజిల్ పంపు దగ్గర లివర్ తిరిగేది, అంతే పని. ఇప్పటి బండ్లలో ఆ కేబుల్ లేదు. పెడల్ మొదట్లో సెన్సర్ ఉంటాది, నీ కాలు ఎంత దిగిందో రెండు వేరే వేరే వోల్టేజీల్లో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెప్తాది, ఒకటి తప్పు చెప్తే రెండోదాంతో పోల్చుకోని పట్టుకునేదానికి. ఈసీయూ ఆ లెక్క చూసి, ఇంజిన్లోకి గాలిని ఒత్తి నింపే టర్బోలో గాలి ఎంతుండాది, ఇంజిన్ ఎంత వేడిగా ఉండాది అన్నీ చూసుకోని అప్పుడు డీజిల్ ఎంత కొట్టాలో తేలుస్తాది. నీకు చెప్పిన డబ్బా పెడల్ కనెక్టర్‌కీ ఈసీయూకి పోయే వైరుకీ మధ్యలో కూర్చుంటాది. నువ్వు 30 శాతం తొక్కితే ఈసీయూకి 50 అనో 60 అనో చెప్తాది, అందుకే కొంచెం తొక్కగానే బండి ఎగిరినట్టు ఉంటాది. మరి నువ్వు నేల దాకా తొక్కితే? పెడల్ చెప్పేదీ 100, డబ్బా చెప్పేదీ 100. దానిపైన చెప్పేదానికి అంకె లేదు నాయనా. ఒక్క హార్స్ పవర్ కూడా పెరగదు. టర్బో తిరిగి గాలి నింపుకునేదానికి పట్టే టైమూ తగ్గదు, ఎందుకంటే ఆ ఆలస్యం వైరులో లేదు, గాలిలో ఉండాది.

ఇంక బరువు లెక్క చూడు. నీ బండి మంచాలు, ఫ్రిజ్జు, బ్యాటరీలు, నీళ్లు, మనుషులు అందరూ ఎక్కినాక 4,500 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లు పోతే ఆరు మీటర్లు ఎత్తు లేచే ఎక్కుడులో గంటకి 40 కిలోమీటర్ల స్పీడులో పోవాలంటే, గాలి, టైర్ల రాపిడి అన్నీ పక్కన పెట్టి, ఒట్టి బరువు పైకి మోసేదానికే సుమారు 40 హార్స్ పవర్ కావాల. అది ఇంజిన్ ఇయ్యాల్సిందే, డబ్బా ఇయ్యలేదు. తిరుమల ఘాట్ రోడ్లలో 28 నిమిషాల కంటే ముందే పైకి చేరితే తప్పు, దిగేటప్పుడు 40 నిమిషాలు పట్టాల అని టైము పెట్టి ఉండారు కదా, అట్లాంటి రోడ్డులో ఎవరికీ ఎగిరే పెడల్ అవసరం లేదు, సరైన గేరు కావాల అంతే.

నేను ఊరికే చెప్పడం లేదు. మూడేండ్ల కింద నా టెంపో ట్రావెలర్‌ని ఇట్లే ఇల్లు లాగా కట్టించుకున్నాక నేనూ ఒకటి పెట్టించినా. మొదటి రోజు తిరుపతి బైపాసులో బో బాగుండాది అనిపించింది, కొత్త ఇంజిన్ ఏసినట్టు. రెండో రోజు పొద్దన మదనపల్లికి పోతా భాకరాపేట ఘాట్ ఎక్కినాం. అక్కడొక మలుపు తిరిగినాక రోడ్డు గుంతలు పడి ఉంటాది, బండి ఎగిరినప్పుడు కాలు కూడా ఎగురుతాది, కాలు ఎగిరితే పెడల్ రెండు వేళ్ల మందం లోపలికి పోతాది, మామూలుగా అయితే అది తెలియను కూడా తెలియదు. ఆ డబ్బా ఆ రెండు వేళ్లని నాలుగు చేసి చెప్పింది. బండి ఒక్క తోపు తోసింది, నేను ఉలిక్కిపడి కాలు తీసినా, ముందుకి తూగింది, మళ్లీ తొక్కినా మళ్లీ తోసింది. వెనక మీ అత్త పాలు కాగినాయని స్టవ్ ఆపి గిన్నె దించతా ఉన్నింది, పాలు మొత్తం మోచేతి మీద పడినాయి. బొబ్బలు రెండు వారాలు ఉన్నాయి. నడిచే బండిలో స్టవ్ ముట్టించకూడదు, అది నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది, ఆ మాట నీకూ చెప్తా ఉండా. కానీ ఆ తోపు మాత్రం ఆ డబ్బా పనే. ఆ పొద్దే పక్కన ఆపి దాన్ని పీకేసినా.

తర్వాత రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే, ఆయన ల్యాప్‌టాప్ కూడా తెరవలేదు, బానెట్ ఎత్తి టర్బో నుంచి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బరు గొట్టం చేత్తో తడిమినాడు. చేతికి నల్లగా నూనె జిడ్డు. క్లిప్పు కింద సన్నగా చీలి ఉండాది, ఇంజిన్ ఆగి ఉంటే ఆ చీలిక కనపడను కూడా కనపడదు, రేజ్ చేస్తే తెరుచుకోని ఉస్ అని గాలి పోతాది. ఇన్ని నెలలు టర్బో నింపిన గాలి రోడ్డు మీదికి పోతా ఉంటే నేను పెడల్‌ని తిడతా ఉన్నా. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు, ఫిల్టర్లు మార్చినాక అదే ఘాట్‌లో మూడో గేరులో నిమ్మళంగా ఎక్కింది.

అందుకే నువ్వు చెయ్యాల్సిన పని ఒకటే ముందు. ఖాళీ రోడ్డు చూసుకో, మూడో గేరులో 40 స్పీడు దగ్గర పెడల్ నేల దాకా తొక్కి పట్టుకో, 60 వచ్చే దాకా ఎన్ని సెకండ్లు పట్టిందో పక్కన కూర్చున్నోళ్లని చూడమను. అట్ల తొక్కినా బండి లాగకపోతే ఆ డబ్బాతో నీకు ఏ ప్రయోజనమూ లేదు, రోగం ఇంజిన్లోనో బరువులోనో ఉండాది. నేల దాకా తొక్కితే బాగానే లాగి, సగం తొక్కినప్పుడు మాత్రమే మొద్దుగా ఉంటే, అప్పుడు ఆ డబ్బా కొంచెం పనికొస్తాది. కొన్ని బండ్లకి కంపెనీవాళ్లు పొగ, మైలేజీ చూసుకోని పెడల్‌ని మెత్తగా పెడతారు, పెద్ద రోడ్డులోకి కలిసేటప్పుడు, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు కాలు అలిసిపోతాది, అట్లాంటోళ్లకి అది సుఖమే, కాదనను. మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకి ఇంకా సుఖం.

కానీ బరువైన ఇంటి బండికి దాని ఇబ్బందులు కూడా బరువే. రాత్రి పూట టార్చి పట్టుకోని ఒకరు చెప్తా ఉంటే అంగుళం అంగుళం రివర్స్ తీసుకోని మామిడి తోపులో బండి పెట్టాల్సి వస్తాది చూడు, అప్పుడు మెత్తటి పెడలే కావాల. క్లచ్ వదిలేటప్పుడు ఇంజిన్ ఎక్కువ తిరిగితే క్లచ్ ప్లేటు కాలుతాది. వానలో వెనక చక్రాలు జారుతాయి. ఆటోమేటిక్ గేరు బండి అయితే పెడల్ ఎక్కువ తొక్కినారని అనుకోని గేరు ఊరికే కిందికీ పైకీ మారుతాది, దాన్నే జనం పవర్ పెరిగింది అనుకుంటారు. ఆ కనెక్టర్‌లో ఒక పిన్ను లూజు అయినా, తేమ పట్టినా, రెండు వోల్టేజీలు పొసగక ఈసీయూ భయపడి బండిని లింప్ మోడ్‌లో ఏస్తాది, అంటే పవర్ బాగా తగ్గించేసి కుంటుతా నడిపిస్తాది, మొగిలి ఘాట్ మధ్యలో వెనక లారీలు హారన్ కొడతా ఉంటే అది జరిగితే ఎట్లుంటాదో ఆలోచించు. వారంటీ ఉన్న బండి అయితే సర్వీసోళ్లని ముందే అడుగు.

ఇంకొకటి, అదే అంగట్లో ట్యూనింగ్ బాక్స్ అని వేరేది కూడా చూపిస్తారు, రెండూ ఒకటే అనుకోవాకు. అది డీజిల్ ప్రెషర్ లెక్క మార్చి నిజంగానే పవర్ పెంచుతాది, దాంతో పాటు ఇంజిన్ వేడి, పొగ ఫిల్టర్ మూసుకుపోవడం, క్లచ్ మీద భారం కూడా పెరుగుతాయి. 4,500 కిలోల బండిని ఎండాకాలంలో కొండ ఎక్కిస్తా ఆ వేడి మొయ్యడం నాకు ఇష్టం లేదు.

ఇన్ని చూసినాక కూడా పెట్టించుకుంటాను అంటే, వైరు కొయ్యకుండా ఉన్న కనెక్టర్‌కే తగిలించే రకం తీసుకో, తీసేస్తే బండి ఎట్లుండేదో అట్లే ఉండాల, దాంట్లో తక్కువ లెవల్లోనే పెట్టుకో, బండి కదలక ముందే సెట్ చేసుకో. ఘాట్ రోడ్లలో, వానలో, బండి పార్క్ చేసేటప్పుడు ఆఫ్ చేసెయ్.

ఈ ఆదివారం చిత్తూరుకి బండి తోలుకోనిరా. వచ్చే ముందు నీళ్ల ట్యాంకు ఖాళీ చెయ్, 200 లీటర్లు అంటే 200 కిలోలు, ముగ్గురు మనుషుల బరువు అది, వాడిన నీళ్ల ట్యాంకు కూడా ఖాళీ చెయ్. మా ఊరి దగ్గర మామిడికాయల లారీలు తూచే కాటాలో ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూపిద్దాం, కాగితంలో రాసిన బరువుకీ దానికీ ఎంత తేడా ఉండాదో చూసుకుందాం, టైర్లలో గాలి మాత్రం నీళ్లు, మనుషుల బరువు కూడా కలుపుకోని దానికి తగినట్టు పట్టిద్దాం. చక్రాలు ఒక్కొక్కటీ జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి చూద్దాం, బ్రేకు పట్టుకోని ఉంటే అక్కడే తెలిసిపోతాది. తర్వాత ఆ టర్బో గొట్టం నేనే తడిమి చూస్తా. అక్కకి చెప్పు, పొద్దన్నే బయలుదేరండి, టిఫిను ఇక్కడే.

మీ మామ