స్కోపు కొనేముందు, బిగించేముందు

హైదరాబాద్

చిరంజీవి సుధీర్‌కు ఆశీస్సులు.

నీ స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కు టెలిస్కోపు బిగించాలనుకుంటున్నావనీ, 24 రెట్లు పెద్దదిగా చూపించే స్కోపు మీద మనసు పడ్డావనీ రాశావు. నీ డబ్బు మౌంటు (స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపు) మీదా, దగ్గరి దూరానికి సరిచేసుకునే వీలు మీదా పడాలే గాని, రెట్ల అంకె మీద పడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఒక సంగతి తేల్చుకో. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపుకు అనుమతి లేదు. కంటి దగ్గర సన్నని రంధ్రం, గొట్టం చివర వలయం ఉండే పీప్ సైట్‌తోనే అక్కడ గురిపెట్టాలి. ఆ పోటీలే నీ లక్ష్యమైతే స్కోపు ఆలోచన మాని పీప్ సైట్ అలవాటు చేసుకో. అలా కాక, 25 మీటర్ల దూరాన కాగితం మీద పెల్లెట్లన్నీ (చిన్న గుండ్లు) ఒకేచోట పడేలా కొట్టాలన్నదే నీ కోరికైతే ఇక చదువు.

3 నుంచి 9 రెట్లు చూపిస్తూ, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు ఉన్న స్కోపు నీకు సరిపోతుంది. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం కొలత వస్తుంది. 9 రెట్ల దగ్గర అది సుమారు 4.4 మిల్లీమీటర్లు; నువ్వు ఇష్టపడిన 24 రెట్లు, 50 మిల్లీమీటర్ల స్కోపులో 2 మిల్లీమీటర్లకు కాస్త మించి మాత్రమే ఉంటుంది కాబట్టి, తల వెంట్రుకవాసి కదిలినా బొమ్మ నల్లబడుతుంది. పైగా మన వేసవి మధ్యాహ్నాల్లో నేలమీది వేడిగాలి వల్ల అంత పెద్ద బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతుంది.

అంతకంటే ముఖ్యమైనది పారలాక్స్, అంటే కన్ను జరిగితే అడ్డుగీతలు (అద్దంలో కనిపించే గురి గీతలు) కూడా జరిగినట్టు కనిపించే దోషం. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, అద్దంలోంచి చూస్తూ తలను మాత్రం కొద్దిగా పైకీ కిందికీ జరుపు. అడ్డుగీతలు టార్గెట్ మీద జరుగుతున్నట్టు కనిపిస్తే, నువ్వు ఎంత నిలకడగా కాల్చినా గుండ్లు చెదురుతాయి. సాధారణ రైఫిల్ స్కోపుల్లో చాలావాటిని 100 గజాలకు సరిచేసి వదిలేస్తారు. నీకు ముందు అద్దం దగ్గరో పక్కనో తిప్పుకునే మర ఉండి, 10 మీటర్ల దాకా దిగగలిగినది కావాలి. దుకాణంలో ఈ ఒక్క విషయం మీద ఎంతసేపైనా నిలబడు, మొహమాటపడకు.

ఎయిర్ గన్ అదురుడుకు తట్టుకుంటుందా అని కూడా అడుగు. స్ప్రింగు రైఫిల్ మొదట వెనక్కి తన్ని, లోపలి పిస్టన్ చివరికి చేరి ఆగగానే ముందుకు గుంజుతుంది. వెనకదెబ్బను మాత్రమే ఓర్చుకునేలా చేసిన ఖరీదైన స్కోపుల్లో కూడా ఈ రెండో దెబ్బకు లోపలి అద్దాలు కదిలిపోతాయి. అదే అదురుడుకు స్కోపును చుట్టి పట్టే మౌంటు రింగులు గాడిలో వెనక్కి జారుతాయి గనుక, రైఫిల్ మీది గాడిని కొలిచి (ఎయిర్ రైఫిళ్ళకు సాధారణంగా 11 మిల్లీమీటర్లు) దానికి సరిపోయే ఒకే ముక్క మౌంటును, జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్నదాన్ని తీసుకో.

బిగించే రోజున మొదట రైఫిల్ ఖాళీగా ఉందని చూసి నిర్ధారించుకో. గాడికీ రింగులకూ ఉన్న నూనెను స్పిరిట్‌తో తుడిచేయి. ముందు అద్దం రైఫిల్ గొట్టానికి తగలనంత ఎత్తు చాలు. అంతకంటే లేపితే చెంప రైఫిల్ కట్టెకు ఆనదు. నువ్వు రోజూ కాల్చే భంగిమలో కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తరువాత కళ్ళు తెరిచినప్పుడు నిండు బొమ్మ కనిపించే దాకా స్కోపును ముందుకూ వెనక్కీ జరుపు. చాలా స్కోపుల్లో ఆ దూరం కంటినుంచి 75–90 మిల్లీమీటర్లు ఉంటుంది. అటుపైన రసమట్టంతో రైఫిల్‌ను సమంగా నిలిపి, దూరంగా బరువు కట్టి వేలాడదీసిన దారానికి నిలువు గీతను సరిపెట్టు. రింగు మరలను ఒక్కోటీ పూర్తిగా తిప్పేయక, అటొకటి ఇటొకటిగా కొద్దికొద్దిగా బిగిస్తూ రెండు పక్కల సందు సమంగా ఉండేలా చూడు. బలమంతా పెడితే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. టార్క్ రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) దొరికితే రింగు పైమరలకు 2 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగు.

గురి సరిచేయడం 10 మీటర్ల దగ్గర మొదలుపెట్టు. ఒక్క గుండు చూసి స్కోపు మీది గురి మర తిప్పకు. అయిదు కాల్చి, ఆ గుంపు నడిమి బిందువును బట్టి తిప్పు. పావు నిమిషపు కోణం (నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కు, అంటే మర ఒక్కో మెట్టు, 10 మీటర్ల దగ్గర సుమారు 0.7 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దగ్గర 1.8 మిల్లీమీటర్లు జరుపుతుంది. అందుచేత 10 మీటర్లలో ఒక సెంటీమీటరు జరపడానికి పద్నాలుగు క్లిక్కుల దాకా పడతాయి. పైకి తిప్పే మర చివరికి వచ్చేసినా గుండ్లు కిందే పడుతుంటే, మడత రైఫిల్ (గొట్టాన్ని మడిచి గుండు పెట్టేది) గొట్టం కాస్త వంగి ఉందన్నమాట. అప్పుడు స్కోపును బలవంతం చేయక, వెనకభాగం ఎత్తుగా ఉండే మౌంటు తెచ్చుకో.

మొదటి డబ్బా పెల్లెట్లు అయిపోయేలోపు మరలన్నీ ఒకసారి తాకి చూడు. రైఫిల్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకు, అద్దంలోంచి సూర్యుడివైపు ఎన్నడూ చూడకు. రేంజిలో కాగితం మీద తప్ప పిట్టల మీదికి దాన్ని ఎత్తకు. అది 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం కూడాను. కొనేముందు మౌంటు వివరాలు నాకు రాసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య