హైబ్రిడ్ కారు: బ్యాటరీ భయం ఎంత, అసలు ఖర్చు ఎంత?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఒకే కారులో పెట్రోలు ఆటోమేటిక్ కొనాలా, స్ట్రాంగ్ హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటరుతోనూ నడిచేది) కొనాలా తేలడం లేదు. ధరలో తేడా రెండున్నర లక్షలు. ఎనిమిదేళ్లకు బ్యాటరీ పోతే మళ్లీ లక్షలు పోయాలని మా బావ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: బ్యాటరీ సంగతి తర్వాత, ముందు మీ తిరుగుడు ఎంతో చూడండి. పెట్రోలు బండి లీటరుకు 14, హైబ్రిడ్ 21 ఇస్తాయనీ, లీటరు 107 రూపాయలనీ వేసుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి దాదాపు 46 వేలు మిగులుతాయి. అంటే ఐదున్నరేళ్లకు పెట్టింది తిరిగొస్తుంది. నెలకు 700 దాటని ఇంట్లో పదకొండేళ్లు దాటినా రాదు, అలాంటివారు మామూలు పెట్రోలు బండే తీసుకోవడం మేలు. ఆ రెండున్నర లక్షల మీద లైఫ్ ట్యాక్సు, బీమా కూడా పడతాయి. 2024 నవంబరు నాటి తెలంగాణ జీవో 41 పన్ను మినహాయింపు పూర్తిగా బ్యాటరీతో నడిచే బండ్లకే, హైబ్రిడ్‌కు కాదు. ఇంకో మాట: నార్కట్‌పల్లి దాటాక హైవే మీద వందలో పోతుంటే ఇంజిన్ ఆగి మోటరుతో నడిచే సందర్భాలు తక్కువ, మైలేజీ తేడా కూడా తగ్గుతుంది. హైబ్రిడ్ ఆదా తెలిసేది ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లోనే.

ఇక బ్యాటరీ. టయోటా, హోండా రెండూ దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, ఏది ముందైతే అది. టయోటా హైరైడర్‌లో ఉన్నది ముప్పావు యూనిట్ పట్టే చిన్న బ్యాటరీ. దాన్ని పూర్తిగా నిండనివ్వకుండా, పూర్తిగా ఖాళీ కానివ్వకుండా కంప్యూటరే మధ్యలో నడుపుతుంది, అందుకే మన్నుతుంది. దాన్ని తినేసేది వేడి. చల్లబరచడానికి ఫ్యాను క్యాబిన్ గాలినే లాగుతుంది. ఆ గాలి దారి వెనక సీటు దగ్గర ఉంటుంది, అక్కడో జాలీ ఫిల్టరు. రైస్ మిల్లుల ఊళ్లో వడ్ల దుమ్ము, ఊక నలుసు చేరి అది త్వరగా మూసుకుపోతుంది. మొదట వెనక నుంచి ఫ్యాను రొద పెరుగుతుంది, తర్వాత మైలేజీ పడిపోతుంది, చివరికి మీటరులో హెచ్చరిక లైటు. ప్రతి సర్వీసుకూ ఫిల్టరు విప్పించి శుభ్రం చేయించండి. ఆ జాలీకి అడ్డంగా సంచులు, దుప్పట్లు పెట్టకండి.

టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో క్లచ్, ఆల్టర్నేటరు, స్టార్టర్ మోటరు ఉండవు, ఆ ఖర్చులూ ఉండవు. బ్రేకు ప్యాడ్లు కూడా చాలాకాలం వస్తాయి. కాకపోతే బండిని ఆపడంలో సగం పని మోటరే చేయడం వల్ల ప్యాడ్లు సరిగా కదలక క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టించాలి.

ప్రశ్న: మా హైబ్రిడ్ కారులో ఏసీ చల్లదనం తగ్గింది. నల్లగొండలో బయట గ్యాస్ కొట్టిస్తే సగం ధరకే అవుతుందంటున్నారు. కొట్టించవచ్చా?

జవాబు: గ్యాస్ మామూలుదే, చిక్కంతా ఆయిల్‌తోనే. మామూలు కార్ల కంప్రెసర్‌లో పీఏజీ ఆయిల్ పోస్తారు. మీ కంప్రెసర్ బెల్టుతో కాదు, హైవోల్టేజీ కరెంటుతో తిరుగుతుంది, దాని మోటరు చుట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకే కరెంటు పారని పీఓఈ రకం, టయోటాలో ఎన్‌డీ-11, వాడాలి. పీఏజీ కొంచెం కలిసినా ఇన్సులేషన్ బలహీనపడి కరెంటు బాడీకి లీకవుతుంది. అప్పుడు కంప్యూటర్ ఏసీని ఆపేస్తుంది, కొన్నిసార్లు బండినే స్టార్ట్ కానివ్వదు. కంప్రెసర్‌తో పాటు పైపులు, కండెన్సర్ కూడా మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దగ్గరికి పోతుంది. గ్యాస్ కొట్టే మెషీన్ పైపుల్లో మిగిలిన పాత ఆయిల్ చాలు ఇంత పని చేయడానికి. హైబ్రిడ్‌కు వేరే మెషీను, వేరే ఆయిల్ ఉన్నాయా అని అడగండి. నీళ్లు నమిలితే బండి వెనక్కి తిప్పండి.

ప్రశ్న: పాలమూరులో ఇంటి ముందు రెండు నెలలు హైబ్రిడ్ బండి ఆపి ఉంచాలి. ఏం చేయాలి?

జవాబు: ముందుగా పడిపోయేది పెద్ద బ్యాటరీ కాదు, పన్నెండు వోల్టుల చిన్నది. అది పడిపోతే పెద్దదాంట్లో ఎంత చార్జి ఉన్నా బండి లేవదు. రెండు వారాలకోసారి ఇంట్లో ఎవరైనా అరగంట నడిపితే సరి. నడిపేవారు లేకపోతే, మీటరులో రెడీ లైటు వెలిగాక అరగంట అలాగే ఉంచాలి. పార్క్‌లోనే ఉండాలి, న్యూట్రల్‌లో పెడితే పెద్ద బ్యాటరీకి చార్జి ఎక్కదు. షెడ్డు తలుపులు మూసి మాత్రం చేయకండి, ఇంజిన్ దానంతట అదే స్టార్టయి పొగ వదులుతుంది.