చార్జింగ్ పెడితేనే టచ్‌కి పిచ్చి పడుతుందెందుకు?

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి, చిన్న సెల్ రిపేరు అంగడి. ఒక ఫోనుకి కాంబో (డిస్‌ప్లే, టచ్ గ్లాసు కలిసిన సెట్టు) మార్చినా, ఉత్తప్పుడు బాగానే పనిచేస్తాంది గానీ చార్జింగ్ పెట్టి వేలు పెడితే చాలు తాకని చోట కూడా దానంతట అదే నొక్కుకుంటాంది. కస్టమరేమో డూప్లికేట్ డిస్‌ప్లే వేసినావని గలాటా. తప్పు యాడుందో ఎట్ల కనుక్కోవాల?

జవాబు: తమ్ముడూ, కాంబోని తిట్టేముందు చార్జర్ పీకేసి పవర్ బ్యాంకుతో చార్జింగ్ పెట్టు. దాంతో బాగుంటే రొద, అంటే సిగ్నల్‌లో కలిసే కరెంటు గోల, చార్జర్‌దే.

ఎందుకంటే, గ్లాసు కింద అడ్డంగా నిలువుగా కంటికి కనపడని గీతలుంటాయి, టచ్ ఐసీ (టచ్‌ని చదివే చిప్పు) ఒక వైపు గీతల్లోకి సిగ్నల్ పంపి రెండో వైపు ఎంతొచ్చిందో కొలుస్తా ఉంటది, వేలు పెడితే ఆ రెంటి మధ్య కెపాసిటెన్స్ (చార్జ్ పట్టుకునే శక్తి) కాస్త తగ్గుతుంది, ఆ తగ్గేది మామూలుగా ఒక పికోఫారడ్ (దాన్ని కొలిచే చాలా చిన్న యూనిట్) కూడా ఉండదు. అంత చిన్న తేడా పట్టుకోవాల్సిన చోట చవక చార్జర్ స్విచింగ్ రొద ఫోన్ గ్రౌండ్‌నే (వోల్టేజీలన్నీ కొలిచే సున్నా లైనునే) ఊపేస్తాది. ఫోను మొత్తం కలిసి ఊగినంతసేపు ఐసీకి తెలీదు, నేల మీద నిలబడ్డ మనిషి వేలు పెట్టగానే ఆ రొద వేలి గుండా లోపలికి దూరుతుంది. అందుకే దొంగ టచ్‌లు వేలున్న గీత పొడవునే ఎక్కువ పడతాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి కస్టమర్ కళ్లెదుటే చూపించు, గలాటా సగం తగ్గుతుంది. మంచి ఐసీలు ఒక ఫ్రీక్వెన్సీలో రొద ఎక్కువుంటే ఇంకోదానికి దూకుతాయి, కానీ రొద అన్నిచోట్లా ఉంటే దూకి యాడికి పోతాది?

చార్జర్ లేకున్నా అదే తంతు అయితే అప్పుడు డిస్‌ప్లే వైపు చూడాల. స్క్రీను వరస తర్వాత వరస బొమ్మ నింపుకుంటా పోతుంది, ప్రతి వరసకీ బొమ్మని మోసే డేటా లైన్ల వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది, ఆ పక్కనే టచ్ గీతలు. తిరునాల మైకుసెట్ పక్కన మాట్లాడాలంటే ఏం చేస్తాం, పాటకీ పాటకీ మధ్య సందు చూసుకుంటాం గదా, టచ్ ఐసీ చేసేదీ అదే, డిస్‌ప్లే ఇచ్చే సింక్ సిగ్నల్ చూసుకుని బొమ్మ నింపడం ఆగిన సందుల్లో కొలుస్తాది. 2012లో ఐఫోన్ 5 టచ్‌ని ఎల్‌సీడీ లోపలికే తీసుకుపోయింది, అట్లాంటి ప్యానెళ్లలో ఈ సందుల లెక్క తప్పితే పనే జరగదు. ఇప్పుడు చాలా ఫోన్లలో రెండు పనులూ ఒకే ఐసీ చేసేది కూడా ఇందుకే. 60 హెర్ట్జ్‌లో (సెకనుకి 60 బొమ్మలు) ఒక ఫ్రేముకి 16.7 మిల్లీసెకండ్లు, 120లో 8.3 మాత్రమే, బొమ్మ నింపగా మిగిలే సందు చిక్కిపోతుంది. సెట్టింగ్స్‌లో 120 నుంచి 60కి దించితే దొంగ టచ్‌లు తగ్గినాయంటే అనుమానం ఇక్కడే. ఫర్మ్‌వేర్ (ఐసీ లోపలుండే ప్రోగ్రాం) ఆ ప్యానెల్‌కి తగ్గట్టు కుదిరిందై ఉండాల, చవక కాంబోల్లో తేడా వచ్చేది అక్కడే. ఇంకోటి, పాత డిస్‌ప్లే వెనక గ్రౌండ్ అయ్యే కండక్టివ్ టేపు ఉండి ఉంటే కొత్తదానికి వేసినావా? అది చూసుకో ముందు.

ప్రశ్న: సార్, కర్నూల్లో ఈసీఈ చదువుతున్నా. ప్రాజెక్టులో ఐఎల్‌ఐ9341 అనే డ్రైవర్ చిప్ ఉన్న డిస్‌ప్లే మీద సొంత టచ్ ప్లేట్ పెట్టాను, బొమ్మ మారితే రీడింగులు ఎగురుతున్నాయి. 16 రీడింగుల సగటు తీసినా అంతే.

జవాబు: సగటు అనేది ఎటు పడితే అటు ఎగిరే రొదకే మందు బాబూ, 16 తీస్తే నాలుగో వంతుకి తగ్గుతుంది, కానీ నీది బొమ్మతో పాటు నడిచే రొద, సగటుకి లొంగదు. ఆ చిప్‌కి టీఈ (టేరింగ్ ఎఫెక్ట్) అనే అవుట్‌పుట్ ఉంది, 35 హెక్స్ కమాండ్‌తో ఆన్ చేస్తే ఫ్రేము అయిపోయిన సందులో పల్స్ ఇస్తుంది, దాన్ని మైక్రోకంట్రోలర్ ఇంటరప్ట్‌కి (చేసే పని ఆపి వెంటనే స్పందించే పిన్నుకి) కలిపి ఆ సందులోనే కొలువు. బజార్లో దొరికే చవక మాడ్యూళ్లు చాలావాటిలో ఆ పిన్ను బయటికే తియ్యరు, కొనేముందు చూసుకోవాలి. ఆ తర్వాత కూడా ఒకటీ అరా ఎగిరితే ఐదు రీడింగుల్లో మధ్యది తీసుకో చాలు, అంతకుమించి ఫిల్టర్లు పెంచితే వేలు ముందూ తెర మీద గీసే గీత వెనకా నడుస్తాయి.