టైప్ తెలియకుండా హెల్ప్ అడగొద్దు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఈ సెమిస్టర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. పిల్లల మార్కులు ఇన్‌పుట్‌తో ఒక్కొక్కటీ తీసుకుని లిస్ట్‌లో వేసి సార్ట్ చేస్తే 100, 72, 85, 9 అని వస్తోంది. ఆ సార్ట్‌నే ఈక్వల్ గుర్తు పెట్టి మళ్లీ అదే పేరులోకి తీసుకుంటే లిస్ట్ మొత్తం పోయి ‘నన్’ (None) అని చూపిస్తోంది. మా ల్యాబ్‌లో నెట్ ఉండదు. హెల్ప్ కొట్టి చూడమన్నారు సార్, కొడితే పేజీలకు పేజీలు వచ్చి, బయటికి రావడం తెలియక విండో మూసేశాను. పరీక్ష దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: ముందు బయటికి వచ్చే దారి చెప్తాను. పేజీ మధ్యలో ఆగితే స్పేస్ నొక్కితే ముందుకు వెళ్తుంది, క్యూ నొక్కితే బయటికి వస్తుంది. అంతే, విండో మూయక్కర్లేదు.

ఇక మీ ప్రోగ్రామ్. హెల్ప్ అడిగే ముందు ఎప్పుడూ టైప్ అడగండి, అంటే ఆ విలువ ఏ రకందో. టైప్ అని రాసి బ్రాకెట్లలో మీ లిస్ట్‌లోని మొదటి మార్కును పెట్టి చూడండి, ‘ఇంట్’ అని వస్తుందనుకుంటారు గానీ ‘ఎస్‌టీఆర్’ అని వస్తుంది, అంటే అది అంకె కాదు, అక్షరాల వరుస, దీన్నే స్ట్రింగ్ అంటారు. ఎందుకంటే ఇన్‌పుట్ ఏం తీసుకున్నా స్ట్రింగ్‌గానే ఇస్తుంది, ఆ మాట దాని హెల్ప్‌లో మొదటి లైన్‌లోనే ఉంటుంది. స్ట్రింగ్‌లను సార్ట్ చేస్తే డిక్షనరీలో పదాల్లాగా మొదటి అక్షరం చూసి పేరుస్తుంది కాబట్టి 1తో మొదలైన 100 ముందుకొచ్చి, 9 చివరికి పోయింది. తీసుకునేటప్పుడే ఇన్‌పుట్ మొత్తాన్ని ఇంట్ బ్రాకెట్లలో పెట్టి అంకెగా మార్చి తీసుకోండి, సరిపోతుంది. (తెలుగు అంకెల్లో ‘౮౫’ అని ఇచ్చినా ఇంట్ దాన్ని 85గా మారుస్తుంది, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.)

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటి ఉంది. స్ట్రింగ్ ఉన్న వేరియబుల్‌ని నేరుగా హెల్ప్‌కి ఇస్తే అది స్ట్రింగ్ టైప్ గురించి చెప్పదు, లోపలున్న ‘85’ అనే పేరుతో ఏదైనా సమాచారం ఉందా అని వెతికి, ఏమీ దొరకలేదంటుంది. అందుకే వేరియబుల్‌ని కాకుండా టైప్ పేరునే ఇవ్వండి, ఎస్‌టీఆర్ అని.

లిస్ట్ మీద హెల్ప్ కొట్టినప్పుడు మొదట వచ్చేవన్నీ రెండేసి అండర్‌స్కోర్‌లతో ఉన్న పేర్లే. మిమ్మల్ని భయపెట్టింది అవే అయ్యుంటాయి. ప్లస్, డబుల్ ఈక్వల్ (==) లాంటి గుర్తులు వాడినప్పుడు పైథాన్ తనంతట తాను పిలుచుకునేవి అవి, ఇప్పటికి దాటేయండి. అసలు మొత్తం పేజీ తెరవడమే ఎందుకు? ఏయే పేర్లున్నాయో డిర్‌తో చూసి, కావలసినదాని మీద మాత్రమే, అంటే లిస్ట్ చుక్క సార్ట్ మీద హెల్ప్ అడగండి. సార్ట్ పక్కన మళ్లీ బ్రాకెట్లు పెట్టొద్దు, పెడితే అడగడం పోయి దాన్ని నడపబోయి ఎర్రర్ ఇస్తుంది.

అక్కడ పేరు కిందే ఉండే చిన్న వాక్యం చదవండి. లిస్ట్‌ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి ‘నన్’ తిరిగిస్తుందని స్పష్టంగా రాసి ఉంటుంది! ఉన్న లిస్ట్‌నే సర్దుతుంది, కొత్తది ఇవ్వదు. మీరు ఆ ‘నన్’ని తీసుకెళ్లి మార్కుల పేరులో పెట్టారు కాబట్టి లిస్ట్ పోయింది. సార్ట్‌ని విడిగా ఒక లైన్‌లో రాసి వదిలేయండి, లేదా పాతది అలాగే ఉండాలంటే సార్టెడ్ వాడండి, అది కొత్త లిస్ట్ ఇస్తుంది. పై లైన్‌లో బ్రాకెట్ల మధ్య నక్షత్రం గుర్తు కనిపిస్తుంది చూడండి, దాని తర్వాత ఉన్న కీ, రివర్స్ అనే ఆప్షన్‌లను పేరు రాసే ఇవ్వాలని అర్థం. ఎక్కువ మార్కులు ముందు రావాలంటే రివర్స్ ఈక్వల్ ట్రూ అనాలి, ఊరికే ట్రూ అంటే ఒప్పుకోదు.

పేరేదీ గుర్తు రాకపోతే ఖాళీ బ్రాకెట్లతో హెల్ప్ కొట్టండి, విడిగా ఒక ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ టాపిక్స్ అంటే విషయాల జాబితా, కీవర్డ్స్ అంటే భాషలోని మాటల జాబితా ఇస్తుంది. ఇదంతా పైథాన్‌తో పాటే మీ మెషిన్‌లో ఉంటుంది, నెట్ అక్కర్లేదు. పరీక్షలో హెల్ప్ వాడనిస్తారో లేదో సార్‌ని ముందే అడగండి. ఈలోగా పైథాన్‌లోని డిక్షనరీ అనే టైప్ (dict)లోని గెట్ మీద ఇలాగే ఒకసారి అడిగి చూడండి, కీ దొరకనప్పుడు ఏం తిరిగొస్తుందో అక్కడ ఒక్క వాక్యంలో ఉంది.