టెక్ సందేహాలు: మెయిన్ కథలో కన్నీళ్లు, సైడ్ క్వెస్టుల్లో వార్తలు

ప్రశ్న: జపాన్ గేమ్‌ను ఇంగ్లిష్ వాయిస్‌తో ఆడుతున్నాను. మెయిన్ కథ బాగానే ఉంది. సైడ్ క్వెస్టుల్లో (మెయిన్ కథ పక్కన వచ్చే చిన్న పనుల్లో) మాత్రం కొడుకును పోగొట్టుకున్న తల్లి కూడా వార్తలు చదివినట్టే మాట్లాడుతోంది. హెడ్‌సెట్ మార్చాలా?

జవాబు: డబ్బు దాచుకోండి. ఈ ఫిర్యాదు వస్తూనే ఉంది. ముందు టీవీ సౌండ్ సెట్టింగుల్లో నైట్ మోడ్ ఆపేయండి. అది గుసగుసనూ అరుపునూ దాదాపు ఒకే స్థాయికి తెస్తుంది. అప్పటికీ మారకపోతే తప్పు డబ్బింగ్‌దే.

పెద్ద సీన్లకు నటులకు వీడియో చూపిస్తారు. సైడ్ క్వెస్టులకు చాలాసార్లు దొరికేది స్ప్రెడ్‌షీట్‌లో డైలాగులు, పక్కన ఒరిజినల్ ఆడియో నిడివి, అంతే. ఎదుటి పాత్ర గొంతు వినకుండా బూత్‌లో ఒక్కరే చెప్పాలి. జపనీస్ లైను మూడు సెకన్లయితే ఇంగ్లిష్‌దీ అటూఇటూగా అంతలోనే ముగియాలి. ముందుగా ఎగిరిపోయేవి నిట్టూర్పులు, తడబాట్లు. పైగా ప్రతి లైనూ విడి ఫైలు కాబట్టి ఒక లైన్లో మొదలైన ఏడుపు తర్వాతి లైన్లో ఉండదు. మీరూ బటన్ నొక్కి లైన్లను మధ్యలో తెంచకండి, లైన్లు వాటంతటవే ముందుకెళ్లేలా ఆటో అడ్వాన్స్ పెట్టుకోండి.

వాయిస్ జపనీస్‌కు మారిస్తే సగం సమస్యే తీరుతుంది. సబ్‌టైటిళ్లు చాలా గేముల్లో డబ్బింగ్ స్క్రిప్టువే. పాత్ర నోరు మూసుకున్నా కింద వాక్యం పడుతోందంటే కారణం అదే. 2019లో ఇంగ్లిష్‌లో వచ్చిన ‘జడ్జ్‌మెంట్’ ఒక్కో వాయిస్‌కు వేరే ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లిచ్చింది. మిగతావాళ్లకేం అడ్డం? అలాగని జపనీస్ వాయిస్ ఉన్నదల్లా ఒరిజినల్ అనుకోకండి. అమెరికా స్టూడియో చేసిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’లో పెదవులు ఇంగ్లిష్‌కే కదిలేవి, జపనీస్ లిప్ సింక్ 2021లో పీఎస్5 డైరెక్టర్స్ కట్‌తో వచ్చింది.

నాకు అసలు భయం వేరే. ఒరిజినల్ వాయిస్ లేని పీసీ గేమ్‌కు ‘వాయిస్ ప్యాచ్’ వెతికి, ఏదో చాట్ గ్రూపులో దొరికిన జిప్ ఫైలు దించేస్తారు. ఉత్త ఆడియో మార్చడానికి చాలావరకు ఆడియో ఫైళ్లు చాలు. లోపల ఈఎక్స్ఈ (రన్ అయ్యే ప్రోగ్రామ్ ఫైలు) ఉండి, యాంటీవైరస్ ఆపమని అడిగితే అక్కడే డిలీట్ చేయండి. ఇలాంటివి బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయి ఉన్న సెషన్‌నే ఎత్తుకుపోతాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అడగదు. ఇప్పటికే రన్ చేశారా? ఆ పీసీ నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్, తర్వాత గేమ్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ చేయండి. పీసీలో విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేదాకా ఏ అకౌంట్‌లోకీ లాగిన్ కావద్దు.