సమాధానం: ఫెన్సింగ్ వేస్తే ఊరోళ్లు దారి గొడవకి వచ్చారు

అన్నా, మీరు ఆనందపురం దగ్గర ఎకరం కొని ఫెన్సింగ్ వేస్తే ఊరోళ్లు రెండుసార్లు పీకేశారు, కేసు పెట్టాలా అని అడిగారు కదా, అప్పుడే స్టేషన్‌కి వెళ్లొద్దు. ముందు సచివాలయంలో గ్రామ సర్వేయర్ని కలిసి ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల మ్యాప్) చూపించమనండి, అందులో పుంత, అంటే ఊరి బండి దారి, గీసుంటే ఆ ముక్క ప్రభుత్వానిది, మీది కాదు. మ్యాప్‌లో లేకపోయినా 20 ఏళ్లు ఎవరూ అడ్డుపెట్టకుండా హక్కుగా నడిచిన దారైతే 1882 ఈజ్‌మెంట్ చట్టం (వేరేవాళ్ల భూమిలో దారి లాంటి హక్కుల చట్టం) వాళ్ల వైపే ఉంటుంది. నేనైతే ట్రాక్టర్ పట్టేంత వదిలి కంచె లోపలికి జరుపుతా. పెద్దమనుషుల దగ్గరికి మీరే వెళ్లండి, లాయర్ని పంపొద్దు, నాకైతే వాళ్ల కోపం కంచె మీద కాదు అడక్కుండా వేసినందుకే అనిపిస్తోంది, కోతలప్పుడు ధాన్యం బండి ఎటు పోవాలి చెప్పండి? ఒప్పుకున్నది కాగితం మీద రాసుకుని, సర్వేయర్ ఎదురుగా రాళ్లు పాతించుకోండి.